వేగానికి ఎంత శిక్ష? ఓ పాత ప్రాసిక్యూటర్ పాఠాలు

మేజిస్ట్రేటు కోర్టుల్లో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. హత్య కేసులు మా దగ్గర ఆగవు, సెషన్స్‌కి పోతాయి. మాకు మిగిలేవి దొంగతనాలు, కొట్లాటలు, యాక్సిడెంట్లు. నిజం చెప్పొద్దూ, యాక్సిడెంటు ఫైలు వస్తే కాస్త ఊపిరి పీల్చుకునేవాణ్ణి. నలుగురు సాక్షులు, ఒక పంచనామా, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, పోస్ట్‌మార్టం రిపోర్టు. పని తేలిక. అలా తేలిగ్గా తీసుకోవడమే నా ఉద్యోగ జీవితంలో పెద్ద లోపమని ఇప్పుడు అనిపిస్తుంది.

మా ఇల్లు శ్రీనగర్ కాలనీలో. కిందికి దిగితే పంజాగుట్ట, పక్కకు తిరిగితే యూసుఫ్‌గూడ, పైకెక్కితే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్. తెల్లవారుజామున షూటింగులకు పరిగెత్తే వ్యాన్లూ, అర్ధరాత్రి కొండ దిగే పెద్ద కార్లూ, రోజంతా తిరిగే డెలివరీ కుర్రాళ్లూ ఈ దారుల్లోనే. మా పొద్దుటి నడక మిత్రుల్లో రెండు పార్టీలున్నాయి. ఒకటి 'జైల్లో పడేస్తే గానీ బుద్ధి రాదు' పార్టీ, రెండోది 'పాపం, కుర్రాళ్లు' పార్టీ. వేర్వేరు వయసుల్లో నేను రెండింట్లోనూ ఉన్నాను. ఇప్పుడు దేంట్లోనూ లేను. ఎందుకో చెబుతాను. వినే ఓపిక మీకింకా ఉందనే నమ్మకంతోనే.

1. ఒకే తప్పుకి పడే శిక్షలో సగం అదృష్టమే రాస్తుంది.

ఒకే వారంలో నా బల్ల మీదికి రెండు ఫైళ్లు వచ్చాయి. రెండూ బైకులే, నడిపినవాళ్లిద్దరూ కాలేజీ కుర్రాళ్లే, రెండూ రాత్రి పొద్దుపోయాక జరిగినవే. ఒకడు డివైడర్‌ని గుద్ది మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. రెండోవాడికి కొట్టు కట్టేసి ఇంటికి పోతున్న ఒక పెద్దాయన అడ్డం వచ్చాడు. మొదటివాడు ఐపీసీ 279 కింద తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి వెళ్లాడు. ఆ సెక్షన్‌లో జరిమానా వెయ్యి రూపాయలు దాటదు. రెండోవాడు 304-ఎ కింద నిలబడ్డాడు. అక్కడ రెండేళ్ల దాకా జైలు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో ఇవి 281, 106(1) అయ్యాయి, రెండోదాని గరిష్ఠ శిక్ష ఐదేళ్లకు పెరిగింది. అంత వేగంతోనూ కెమెరాకి మాత్రమే చిక్కినవాడికి హైదరాబాదులో పడే చలానా 1,035 రూపాయలు. యాక్సిలరేటర్ తిప్పిన చెయ్యి మూడుచోట్లా ఒక్కలాంటిదే.

ప్రాణం పోయినచోట శిక్ష పెరగాలనడంలో తప్పు లేదు. ఆ పెద్దాయన భార్య ముందు నిలబడి 'ఇద్దరు కుర్రాళ్లూ చేసింది ఒకటేనమ్మా' అని నేను అనలేను. కానీ మొదటివాణ్ణి అయిదు నిమిషాల్లో పంపించేసిన తీరు మాత్రం నన్ను గుచ్చుతూనే ఉంది. వాడు కోర్టు మెట్లు దిగుతూ స్నేహితుడితో నవ్వుకున్నాడు. వాహనంతో చేసిన నేరం రుజువైతే లైసెన్సుకి అనర్హుణ్ణి చేసే అధికారం మోటారు వాహనాల చట్టం కోర్టుకి ఇచ్చింది. అడగాల్సింది నేను. అడగలేదు. రక్తం కనిపించని ఫైలు కదా అనుకున్నాను. రక్తం కనిపించకముందే పనిచేయాల్సిన చట్టాన్ని వాడాల్సినచోట వాడకుండా, తర్వాత రెండోవాడికి గరిష్ఠ శిక్ష వేయమని గొంతు పెంచి వాదించాను. ఆ వాదన బాగుందని ఆ రోజు అందరూ మెచ్చుకున్నారు కూడా.

2. చెవితో కొలిచిన వేగం సాక్ష్యం కాదు.

యాక్సిడెంటు కేసుల్లో సాక్షులందరూ ఒకే మాట చెబుతారు: 'అతివేగంగా, అజాగ్రత్తగా నడుపుకుంటూ వచ్చి గుద్దాడు.' ఆ మాట పుట్టేది రోడ్డు మీద కాదని, స్టేషన్లో రాతబల్ల మీదని మాకు తెలుసు. 'అతివేగం అంటే ఎంత?' అని డిఫెన్సు లాయరు అడిగేసరికి సాక్షి నీళ్లు నములుతాడు. ఏ పరికరమూ కొలవకుండా, ఒక్క సాక్షి అభిప్రాయం మీదే ఆధారపడి వేగపు నేరానికి శిక్ష వేయకూడదని మోటారు వాహనాల చట్టం 183వ సెక్షనే చెబుతోంది. 1998లో కర్ణాటక ప్రభుత్వానికీ సతీష్ అనే డ్రైవరుకీ మధ్య నడిచిన కేసులో, లారీ వేగంగా వచ్చిందన్నంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైపోదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు నా మొహాన చదవని డిఫెన్సు లాయరు లేడు. మొదట్లో చిరాకు పడేవాణ్ణి.

తర్వాత మా వీధే నాకు ఆ తీర్పుని విడమర్చి చెప్పింది. సైలెన్సర్ మార్చిన బుల్లెట్ నలభైలో వెళ్లినా ఇళ్ల కిటికీలు తెరుచుకుంటాయి, తిట్లు మొదలవుతాయి. ఖరీదైన కారు తొంభైలో పోయినా ఎవరూ తల తిప్పరు. జనం సాక్ష్యం చెప్పేది మోత గురించి. ఆ మోతనే వేగం కింద మార్చి నేను వాదించిన కేసులున్నాయి. ఒకదాంట్లో కింది కోర్టులో శిక్ష పడింది, అప్పీల్లో కొట్టేశారు. ఆ మధ్యకాలంలో కుర్రాడికి కానిస్టేబుల్ ఉద్యోగం చేతిదాకా వచ్చి, పెండింగు కేసు ఉందని ఆగిపోయింది. నిర్దోషి అని తేలేనాటికి వయోపరిమితి దాటిపోయింది. శిక్ష పడలేదని రికార్డు చెబుతుంది. నాకు మాత్రం పడినట్టే లెక్క.

ఇప్పుడు కొలతలున్నాయి. 2019 నవంబరు 23న గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీంచి కారు ఎగిరి కిందపడి, రోడ్డు పక్కన నిలబడ్డ ఒక మహిళ చనిపోయింది. నలభై పరిమితి ఉన్నచోట కారు నూరుకి అటూ ఇటూగా వచ్చిందని పోలీసులు లెక్క చెప్పగలిగారు. ఆ వంతెన తెరిచి అప్పటికి నెల కూడా కాలేదు. దాని మలుపు మీదా ప్రశ్నలు లేచాయి. మూసేసి, 2020 జనవరిలో మళ్లీ తెరిచారు. కొలత ఉన్నచోట నడిపినవాడి వంతు ఎంతో తేలుతుంది, రోడ్డు గీసినవాడి వంతు ఎంతని అడిగే వీలూ దొరుకుతుంది. నా కాలంలో రెండో ప్రశ్న కోర్టులో ఎవరూ అడగలేదు.

3. సొంత ప్రాణాన్ని ఒడ్డిన వేగం వేరు, పరాయి ప్రాణాన్ని ఒడ్డిన వేగం వేరు.

ఈ కొండల మీది ఇళ్లకి ఈ దుఃఖం కొత్తది కాదు. 2003లో బాబూమోహన్ గారి అబ్బాయి, 2010లో కోట శ్రీనివాసరావు గారి అబ్బాయి, 2011లో అజారుద్దీన్ గారి అబ్బాయి, ముగ్గురూ బైకుల మీదే పోయారు. 2017 మేలో అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి నారాయణ గారి అబ్బాయి కారు జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36లో మెట్రో పిల్లర్‌ని ఢీకొంటే, అతనితోపాటు స్నేహితుడూ పోయాడు. మరుసటి ఏడాది నల్లగొండ జిల్లాలో స్వయంగా కారు నడుపుకుంటూ వెళ్తూ నటుడు నందమూరి హరికృష్ణ గారు పోయారు. ఇలాంటి ఇంట్లోకి ఛార్జిషీటు పట్టుకుని వెళ్లి చట్టం ఎవరికి శిక్ష వేయాలి?

2021 సెప్టెంబరు 10 రాత్రి నటుడు సాయిధరమ్ తేజ్ కేబుల్ బ్రిడ్జి దాటాక బైకు జారి పడ్డాడు. రోడ్డు మీద ఇసుక ఉంది, తలకి హెల్మెట్ ఉంది. అతను ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే నిర్లక్ష్యంగా నడిపాడని కేసు నమోదైంది. మా నడక బృందంలో వారం రోజులు అదే రభస. దెబ్బలు తిన్నవాడి మీద కేసేమిటని సగం మంది, సెలబ్రిటీ అయితే చట్టం వర్తించదా అని మిగతా సగం. కేసు పెట్టడం చట్టరీత్యా తప్పు కాదని నేనన్నాను. ఆ క్షణాన పక్కన ఇంకో బండి ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? కానీ శిక్ష దగ్గరికి వచ్చేసరికి నా మనసు మారింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. బైకువాడు తన తప్పుకీ, తరచు పక్కవాడి తప్పుకీ, రోడ్డు తప్పుకీ కూడా ముందు తన ఒంటితోనే మూల్యం చెల్లిస్తాడు. రెండు టన్నుల బండిలో బెల్టు పెట్టుకుని, ఎయిర్‌బ్యాగుల మధ్య కూర్చున్నవాడు చెల్లించేది చాలాసార్లు ఎదుటివాళ్ల ఒంటితో. ఇద్దరికీ చలానా ఒకటే. ఇది సరిపోదు. బండి బరువుని బట్టి, ఎదుటివాళ్లకి తెచ్చిపెట్టే ముప్పుని బట్టి జరిమానా పెరగాలి.

ఇంత చెప్పాక కూడా, బైకు కింద పడి పోయిన ఆ కొట్టు పెద్దాయన గుర్తొస్తే నా వాదన కొంచెం తడబడుతుంది. తడబడనివ్వండి.

4. జరిమానా అంకె ఒకటైతే శిక్ష ఒకటైపోదు.

వెయ్యి రూపాయల చలానా డెలివరీ కుర్రాడికి రెండు రోజుల కూలి. మా పై రోడ్డులో ఉండే కొందరికి అది ఒక పూట కాఫీ, టిఫిన్ బిల్లు. చదువుకున్న రోజుల్లో 'చట్టం ముందు అందరూ సమానమే' అని రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ సమానత్వాన్ని రూపాయల్లో కొలిస్తే పేదవాడికి దెబ్బ, ఉన్నవాడికి గిలిగింత అవుతుందని అప్పుడు తోచలేదు.

ఫిన్లాండులో 1921 నుంచీ వేరే పద్ధతి ఉంది. పెద్ద నేరాలకి జరిమానాని రోజుల్లో వేస్తారు, ఒక్కో రోజు విలువ మనిషి ఆదాయాన్ని బట్టి లెక్కకడతారు. 2002లో నోకియా ఉన్నతాధికారి అన్సి వాన్యోకి కథ లోకమంతా చదివింది. హెల్సింకిలో 50 కిలోమీటర్ల పరిమితి ఉన్నచోట హార్లీ డేవిడ్‌సన్ మీద 75లో వెళ్లినందుకు ఆయనకి 1,16,000 యూరోల జరిమానా పడింది. తర్వాత దాన్ని తగ్గించారు. 2023లో ఆలాండ్ దీవుల్లో ఒక కోటీశ్వరుడు 50 జోన్‌లో 82లో వెళ్లి 1,21,000 యూరోలు కట్టాడు. మనవాళ్లు ఆ వార్త చదివి నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆదాయం చూసే పద్ధతి మన దగ్గరా ఉంది. కాకపోతే అది ఇంకోచోట ఉంది. ప్రమాదంలో పోయినవాళ్ల కుటుంబానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఇచ్చే పరిహారం చూడండి. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు స్థిరపరిచిన లెక్క ప్రకారం పోయిన మనిషి సంపాదన, వయసు, ఎంతమంది ఆధారపడి ఉన్నారు అన్నది చూసి గుణిస్తారు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు పోతే కోట్లలో, అడ్డా కూలీ పోతే లక్షల్లో. ఆ గుణింపుకి దాని కారణాలు దానికున్నాయి, కాదనను. కానీ చచ్చినవాడి ఆదాయం పైసాతో సహా అడిగే చట్టం చంపినవాడి ఆదాయం ఎందుకు అడగదు? ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ ప్రశ్న నా కళ్లెదుటే ఉంది. నాకు కనిపించలేదు.

5. తగ్గింపు ధరకి దొరికేది శిక్ష అనిపించుకోదు.

ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒకసారి నాకే చలానా పడింది. బుద్ధిగా ఆ రాత్రే కట్టేశాను. మా ఎదురింటాయన పదకొండు చలానాలు దాచుకుని కూర్చున్నాడు. 2022 మార్చిలో ప్రభుత్వం రాయితీ ప్రకటించింది: బైకులకి 75 శాతం, కార్లకి 50 శాతం మాఫీ. 2023 డిసెంబరులో మళ్లీ, ఈసారి బైకులకి 80, కార్లకి 60. ఆయన రెండుసార్లూ సంతోషంగా కట్టి, 'మాష్టారూ, మీరు తొందరపడ్డారు' అని నన్ను ఓదార్చాడు. 2017 ఆగస్టులో హైదరాబాదులో పాయింట్ల పద్ధతి తెచ్చారు, రెండేళ్లలో పన్నెండు పాయింట్లు చేరితే ఏడాది లైసెన్సు రద్దు అన్నారు. డబ్బుతో కొనలేని శిక్ష అది. ఇప్పుడు దాని మాట పెద్దగా వినపడదు.

6. పరిగెత్తినవాణ్ణి పట్టుకున్నాం, పరిగెత్తించినవాణ్ణి వదిలేశాం.

నగర శివార్లలో పనిచేస్తున్నప్పుడు ఒక సినిమా వ్యాను కేసు వచ్చింది. డ్రైవరుది కృష్ణానగర్. ముందు రాత్రి ఒంటిగంటకి ప్యాకప్, మళ్లీ నాలుగింటికి పికప్, ఆరింటికల్లా యూనిట్‌ని ఫిల్మ్ సిటీలో దింపాలి. దారిలో పాల క్యాన్లు కట్టుకుని వెళ్తున్న మోపెడ్‌ని గుద్దాడు. మనిషి బతికాడు, కాలు పోయింది. విచారణలో ఆ డ్రైవరు ఒక్కటే మాట పదేపదే అన్నాడు: 'మేనేజర్ సారు ఫోన్ మీద ఫోన్ చేసిండు సార్. ఆర్టిస్టు మేకప్ చేసుకుని కూసున్నరంట.' నేను లేచి, అది కేసుకి సంబంధం లేని విషయమని అభ్యంతరం చెప్పాను. కోర్టు ఒప్పుకుంది. ఆ మేనేజరు మా కేసులోనే సాక్షి, వ్యాను ఎవరి తరఫున నడుస్తోందో చెప్పడానికి వచ్చాడు. చెప్పి, వాచీ చూసుకుంటూ వెళ్లిపోయాడు.

రిటైరయ్యాక తీరిగ్గా చట్టాన్ని మొదటి పేజీ నుంచి చదివాను. 183వ సెక్షన్ వేగపరిమితి దాటి నడిపినవాణ్ణే కాదు, తన దగ్గర పనిచేసేవాడి చేత అలా నడిపించినవాణ్ణి కూడా శిక్షిస్తుంది. అక్కడితో ఆగలేదు. ఫలానా సమయంలోపల చేరాలని టైంటేబుల్ వేసినా, ఆదేశం ఇచ్చినా, వేగపరిమితి దాటకుండా అది సాధ్యం కాదని కోర్టుకి అనిపిస్తే, ఆదేశించినవాడే నేరం చేశాడనడానికి ఆ ఆదేశమే ప్రాథమిక సాక్ష్యం అవుతుంది. 1988 చట్టంలో ఉన్న మాట ఇది. పది నిమిషాల్లో ఇంటికి సరుకులు తెస్తామనే యాప్‌లు అప్పటికి ఎవరి ఊహలోనూ లేవు. తెల్లవారుజామున నాలుగు గంటల పికప్‌లు మాత్రం ఉన్నాయి. ఆ డ్రైవరు నా పని నాకంటే ముందు చేశాడు, ఆదేశం ఇచ్చిందెవరో కోర్టుకి చెప్పాడు. నోరు మూయించింది నేను.

ఇవాళ మా వీధిలో రాంగ్ రూట్‌లో దూసుకొచ్చే డెలివరీ కుర్రాణ్ణి చూసి తిట్టబోయి ఆగుతాను. తిట్టకూడదని కాదు. వాడి ఫోనులో లెక్కపెడుతున్న గడియారాన్ని కూడా కలిపి తిట్టాలి. లా చదివే పిల్లలెవరైనా ఇది చూస్తే ఆ సెక్షన్ కింద ఒక్క కేసైనా వేసి చూడండి.

7. పారిపోయినవాళ్లందరూ ఒక్కటి కాదు.

'తప్పు చేయకపోతే ఎందుకు పారిపోయాడు యువర్ ఆనర్?' ఈ ప్రశ్న నా అస్త్రం. వాడిన ప్రతిసారీ పనిచేసింది. 2024 జనవరి మొదటి వారంలో నాకు దాని రెండో వైపు కనిపించింది. కొత్త న్యాయ సంహిత 106(2) ప్రకారం, ప్రాణం తీసిన ప్రమాదం చేసి పోలీసులకో మేజిస్ట్రేటుకో వెంటనే చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు. దాని మీద లారీ, ట్యాంకర్ల డ్రైవర్లు సమ్మెకి దిగారు. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. చంచల్‌గూడలో ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి భోజనం అందించిన వీడియో మీరూ చూసే ఉంటారు. అందరం నవ్వుకున్నాం. బంకు దగ్గర నిలబడి ఒక లారీ డ్రైవరు నాతో అన్నాడు: 'ఆగితే జనం సంపుతరు సార్, పోతే సర్కారు సంపుతది.' జనం చేతిలో దెబ్బలు తిని ఆసుపత్రి నుంచి కోర్టుకి వచ్చిన డ్రైవర్లని నేను చూశాను. చూసి కూడా నా ప్రశ్న మార్చుకోలేదు. చివరికి కేంద్రం ఆ ఉపసెక్షన్‌ని పక్కనపెట్టి మిగతా చట్టాన్ని అమల్లోకి తెచ్చింది.

ఆ సమ్మెకి వారం ముందే, 2023 డిసెంబరు చివర్లో, బేగంపేటలో ప్రజాభవన్ ముందున్న బారికేడ్లని ఒక కారు గుద్దింది. నడిపింది ఒక మాజీ ఎమ్మెల్యే కొడుకని, అతని స్థానంలో వేరొకరిని డ్రైవరుగా చూపించారని పోలీసు ఉన్నతాధికారులే ఆరోపించి, సంబంధిత ఇన్‌స్పెక్టర్‌ని సస్పెండ్ చేశారు. కుర్రాడు అప్పటికే దుబాయ్ వెళ్లిపోయాడన్నారు. 2022 మార్చిలో జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45లో బెలూన్లు అమ్ముకునేవాళ్ల మీదికి ఒక వాహనం దూసుకుపోయి రెండు నెలల పసిబిడ్డ చనిపోయిన పాత కేసునీ ఆ తర్వాత తిరగతోడారు. దోషం ఎవరిదో కోర్టులు తేలుస్తాయి, అది నా పని కాదు. నేను చెప్పేది ఒక్కటే. కొట్టి చంపుతారన్న భయంతో రెండు కిలోమీటర్లు పరిగెత్తి స్టేషన్లో లొంగిపోయేవాడు ఒకడు. విమాన టిక్కెట్టు కొనుక్కుని, తన సీట్లో జీతగాణ్ణి కూర్చోబెట్టి పోయేవాడు ఇంకొకడు. ఇద్దరినీ 'పరారీ' అనే ఒక్క గీత కింద రాస్తే న్యాయం అక్కడే ఆగిపోతుంది. పదేళ్ల శిక్షే ఉండాలనుకుంటే అది రెండోవాడికి ఉండాలి.

8. డబ్బు తీసుకున్న తల్లిని తప్పుపట్టకండి.

304-ఎ రాజీకి వీల్లేని నేరం. కాగితం మీద. వాయిదాల మధ్య పెద్దమనుషులు కూర్చుంటారు, కవరు చేతులు మారుతుంది, సాక్షి బోనులోకి వచ్చి 'నేను చూడలేదు' అంటుంది. సాక్షి ఎదురు తిరిగిందని ప్రకటించి, నేను అడ్డంగా ప్రశ్నలు వేసేవాణ్ణి. ఇళ్లల్లో పనిచేసుకునే ఒకామెని అలాగే నిలదీశాను. పోయింది ఆమె కొడుకే. 'సారూ, పోయినోడు తిరిగి రాడు గదా. ఉన్న ఇద్దరు పిల్లల్ని సాకాలె గదా,' అందామె. అబద్ధం చెబుతున్నావని గట్టిగా అన్నాను. ఆమె నిజమే చెప్పింది, అది నేనడిగిన ప్రశ్నకి జవాబు కాదు, అంతే.

2015లో పంజాబుకి చెందిన సౌరభ్ బక్షి కేసులో, పరిహారం కట్టాడని ముద్దాయి శిక్షని హైకోర్టు 24 రోజులకి తగ్గిస్తే, సుప్రీంకోర్టు ఆరు నెలలకి పెంచింది. డబ్బు శిక్షకి బదులు కాకూడదన్నది దాని సారం. నేను ఆ తీర్పుతో ఏకీభవిస్తాను. కానీ న్యాయం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడగలిగే స్తోమత ఆమెకి లేదన్న సంగతి ఆ తీర్పులో ఎక్కడా లేదు. ట్రిబ్యునల్ పరిహారం త్వరగా చేతికందితే కవరు పట్టుకొచ్చే పెద్దమనిషికి బేరం ఉండదు. డ్రైవరుకి పడే శిక్ష గట్టిగా ఉండాలంటే ముందు బాధితుల ఇంట్లో పొయ్యి వెలగాలి. ఈ రెండూ వేర్వేరు కోర్టుల పనులని నేనూ చాలాకాలం నమ్మాను.

9. మనవాడి కోసం చేసిన ఫోను మనవాడికే చేటు.

మా అన్నయ్య కొడుకు పదహారో ఏట బైకు తీసుకుని దొరికాడు. 'ఒక్క మాట చెప్పరా' అని అన్నయ్య అడిగాడు. చెప్పాను. పని అయిపోయింది. 2019 సవరణ తర్వాత ఇలాంటి చోట తండ్రి బోనెక్కాలి: 199-ఎ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు, పిల్లవాడికి పాతికేళ్లు నిండేదాకా లైసెన్సు లేదు. కఠినంగా ఉందని మొదట అనుకున్నాను. మావాడికి ఇప్పుడు నడివయసు. తన ఫోనులో నా నంబరు 'చలానా బాబాయ్' అని దాచుకున్నాడని ఈమధ్య ఓ పెళ్లిలో నవ్వుతూ చెప్పాడు.

10. జైలు అడగడం తేలిక, జైలు ఎవరికన్నది తేల్చడం కష్టం.

2000లో దల్‌బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసినవాళ్లని ప్రొబేషన్ మీద వదిలేయకూడదని, డ్రైవింగ్ సీట్లో కూర్చున్న ప్రతివాడికీ భయం ఉండాలని చెప్పింది. శిక్ష ఖరారయ్యే ప్రతి కేసులోనూ ఆ తీర్పు చదివి వినిపించేవాణ్ణి. మనిషిని చూసేవాణ్ణి కాదు. అలా లోపలికి వెళ్లినవాళ్లలో షూటింగుల్లో లైట్లు మోసే ఒక కుర్రాడున్నాడు. తాగలేదు, పారిపోలేదు, దెబ్బతిన్నవాణ్ణి తనే ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆరు నెలలు లోపల ఉండి వచ్చేసరికి పిలిచి పనిచ్చేవాళ్లు లేకపోయారు. వాణ్ణి లోపల పెట్టి మనం ఏ రోడ్డుని కాపాడామో నాకు తెలియదు.

తాగి నడిపినవాడికీ, పందేలు కట్టి రోడ్డుని రేస్‌కోర్సు చేసినవాడికీ, పట్టుబడ్డాక కూడా అదే పని చేసినవాడికీ, ఇంకొకణ్ణి తన బోనులో నిలబెట్టినవాడికీ జైలు ఉండాల్సిందే. 2016 జులైలో మాకు కూతవేటు దూరంలో, పంజాగుట్టలో, పట్టపగలు తాగి ఉన్న విద్యార్థుల కారు ఎగిరి ఇంకో కారు మీద పడి, మొదటిరోజే బడికి వెళ్లి వస్తున్న పదేళ్ల పాపతో సహా ఒకే ఇంట్లో మూడు ప్రాణాలు పోయాయి. అలాంటివాళ్ల దగ్గర నాకు రెండో ఆలోచన లేదు. మిగతావాళ్లకి లైసెన్సు తీసేయండి, నిజంగా తీసేయండి, ఫోను చేస్తే తిరిగి రాకుండా తీసేయండి. దానితోపాటు పని చేయించండి. 2019 సవరణ 200వ సెక్షన్లో ఒక దారి పెట్టింది: జరిమానాతో సరిపెట్టే నేరాల్లో, ఆ డబ్బుకి తోడు కొంతకాలం సమాజ సేవ కూడా చేయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. తాగి నడిపినవాళ్లకి మన నగరంలోనే కోర్టులు అలాంటి సేవ విధించిన సందర్భాలున్నాయి. వేగంగా నడిపి చిక్కినవాళ్లకి మాత్రం కెమెరా ఫొటో, కట్టాల్సిన మొత్తం, అంతే.

రోడ్ నంబర్ 36లో నూరు దాటి చిక్కినవాడు కోటీశ్వరుడి కొడుకైనా, కృష్ణానగర్ కుర్రాడైనా, నాలుగు ఆదివారాలు నిమ్స్ ఎమర్జెన్సీ దగ్గర స్ట్రెచర్ తోయాలి. డబ్బు కట్టి తప్పించుకునే వీలు ఉండకూడదు, డబ్బు లేక నలిగిపోయే వీలూ ఉండకూడదు. ఈ సంగతి రాసి ప్రభుత్వానికి అర్జీ పెట్టమని మా నడక బృందంలో రెండు పార్టీలనీ అడుగుతున్నాను. జైలు పార్టీ వాళ్లు ఇది మరీ తక్కువంటున్నారు, పాపం పార్టీ వాళ్లు మరీ ఎక్కువంటున్నారు. ఇప్పటికి ముగ్గురు సంతకం పెట్టారు. ఎదురింటాయన ఆలోచించి చెబుతానన్నాడు.